గోల్ఫ్ సెట్ కోసం సిప్ ఆపొచ్చా?

ప్రశ్న: వయసు 41, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. చేతికి నెలకు రూ.1,60,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 52,000, ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు 60,000, సిప్‌లు 25,000. అత్యవసరానికి 1.5 లక్షలు పక్కన ఉంది. ఏడాదిగా గోల్ఫ్ ఆడుతున్నాను. పార్ 72 (అంటే 72 షాట్లలో ముగించాల్సిన) కోర్సులో 108 దగ్గరే ఆగిపోయాను. నెలకు రెండు వీకెండ్ రౌండ్లకు 6,000, సాధన మైదానం రేంజ్‌లో బంతులకు 2,000 అవుతోంది. స్నేహితుడిచ్చిన పాత సెట్ మార్చి, 2,20,000 పెట్టి కొత్తది 24 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను. 10,000 సిప్ ఒకటి రెండేళ్లు ఆపితే సరిపోతుందా?

జవాబు: ఆపకండి. సెట్ కూడా ఇప్పుడే వద్దు.

ముందు ఆ ‘నో కాస్ట్’ సంగతి చూద్దాం. నెల వాయిదా 9,167 పడుతుంది. బ్యాంకు వడ్డీ 15 శాతం అనుకుంటే అందులో అసలు సుమారు 1,89,000, వడ్డీ 31,000. ఆ వడ్డీని షాపువాళ్లు డిస్కౌంట్‌గా సర్దుతారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం, అంటే దాదాపు 5,500, మీ కార్డు బిల్లులోనే వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే. మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో షాపులో అడగండి. ఆ తగ్గింపు వదులుకుంటున్నారంటే అదీ వడ్డీ కిందే లెక్క.

ఇక సిప్. రెండేళ్లు ఆపితే 2.4 లక్షలేగా అనిపిస్తుంది. ఏటా 10 శాతం రాబడి అనుకుంటే అది రెండేళ్లకు 2.64 లక్షలు. ఆపై 15 ఏళ్లు కదిలించకపోతే 11 లక్షలు. మీ రిటైర్మెంట్‌లో అంత కోత పడుతుంది.

అంతా పోనూ మీకు నెలకు 23,000 మిగులుతోంది. గోల్ఫ్‌కు 10,000 హద్దు పెట్టుకోండి. వీకెండ్ రౌండ్ ఒక్కటే ఉంచితే 3,000, రేంజ్‌కు 2,000. కోచ్‌కు 3,000 కేటాయించండి, ఒక్కో క్లాసుకు 1,500 వరకు తీసుకునే వారైతే నెలకు రెండు వస్తాయి. మిగతా 2,000 క్లబ్బుల (గోల్ఫ్ కర్రల) కోసం ఆర్డీలో వేయండి. రౌండ్ తగ్గించమంటే మనసొప్పదని తెలుసు. కానీ అదే తప్పుతో నెలకు రెండుసార్లు 18 హోల్స్ తిరిగితే ఆ తప్పే అలవాటవుతుంది.

పార్‌కు 36 ఎక్కువ కొడుతున్నారు కదా, అవి ఎక్కడ పోతున్నాయో తెలియకుండా దేని మీదా డబ్బు పెట్టొద్దు. స్కోర్‌కార్డు మీద నాలుగు గళ్లు గీయండి: పెనాల్టీలు, నేలకో బంతి నెత్తికో తగిలి చెడిన షాట్లు, గ్రీన్ (గుంత ఉండే పచ్చిక) పక్కనుంచి రెండోసారి చిప్ (గ్రీన్ మీదికి వేసే చిన్న షాట్) చేయాల్సి వచ్చినవి, గ్రీన్ మీద మూడు పట్లు (గుంతలోకి దొర్లించే షాట్లు) పడినవి. మూడు రౌండ్లు రాస్తే బొమ్మ తేలుతుంది. టీ (హోల్ మొదలుపెట్టే చోటు) మీది నుంచి బంతి ఓబీ (కోర్సు హద్దు బయటికి) పోతే అక్కడి నుంచే మళ్లీ కొట్టాలి, అది మూడో షాట్ అవుతుంది. అలాంటివి రౌండ్‌కు మూడు తగ్గినా ఆరు షాట్లు మిగిలినట్టే.

కుడిచేతి ఆటగాళ్లకు బంతి కుడికి వంగిపోయేది, తగిలే క్షణంలో క్లబ్ ముఖం స్వింగ్ దారి కంటే కుడికి తెరుచుకుని ఉండబట్టి. ఎంత ఖరీదు డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) కొన్నా ఆ తెరుపు పోదు. గ్రిప్ పట్టు సరిచేసేది కోచే. మొదటి క్లాసుకే పాత సెట్ తీసుకెళ్లి చూపించండి. షాఫ్ట్ (క్లబ్ కాడ) మీ స్వింగ్ వేగానికి మరీ గట్టిదైతే బంతి కిందుగా, కుడికి పోవచ్చు. క్లబ్ పిడికి వేసిన గ్రిప్పులు నున్నగా అరిగితే చేతులు బిగుసుకుంటాయి. గ్రిప్పులు మార్చడం సెట్ ధరలో చిన్న ముక్క.

రేంజ్‌లో 60 బంతులు తీసుకుంటే 20 దగ్గరి షాట్ల క్లబ్ వెడ్జ్‌తో సగం స్వింగులు, 25 మధ్య దూరపు క్లబ్ సెవెన్ ఐరన్‌తో, 15 మాత్రమే డ్రైవర్‌తో. ప్రతి బంతికీ గురి మార్చండి. పటింగ్ సాధన ఇంట్లో కార్పెట్ మీద ఉచితం.

హ్యాండికాప్ (మీ ఆట స్థాయి చెప్పే అంకె) తీసుకోండి. 54 హోల్స్ కార్డులిస్తే మొదలవుతుంది. 20 రౌండ్లు పూర్తయ్యాక, చివరి 20లో ఉత్తమమైన 8 రౌండ్ల స్కోర్లను కోర్సు కష్టాన్ని బట్టి సరిచేసి తీసే సగటే మీ ఇండెక్స్, కాబట్టి ఒక మంచి ఆదివారం చూసి మురిసిపోయి కొనేసే ప్రమాదం తప్పుతుంది. స్వింగ్ కుదురుకోకముందు ఫిట్టింగ్ చేయించుకుంటే, ఏడాదికి మారిపోయే స్వింగ్‌కు కొలతలు తీసుకున్నట్టే.

ఏడాదికి ఆర్డీలో 24,000 పైచిలుకు పోగవుతుంది. దాంతో వాడిన ఐరన్లు, ఒక వెడ్జ్ చూడొచ్చు. బ్యాగులో 14 క్లబ్బుల వరకు పెట్టుకోవచ్చని రూలు, మీకు 9 చాలు. కొనేముందు వెడ్జ్ గీతలు అరిగాయేమో గోరుతో తడమండి, డ్రైవర్ అయితే చెవి దగ్గర ఊపి లోపల ఏదైనా గలగలమంటుందేమో వినండి, ముఖం మీద సన్నని పగుళ్లు వెతకండి. కొత్త ధరలో పావు వంతుకే సీల్ తీయని బ్రాండెడ్ సెట్ ఇస్తామంటే నకిలీ అనుకోవచ్చు.

మిగిలిన 13,000 అత్యవసర నిధికి. ఈఎంఐ సహా మీ ఆరు నెలల ఖర్చు 6.7 లక్షలు, ఇంకా 5.2 లక్షలు తక్కువ. నెలనెలా వేస్తే 40 నెలలు పడుతుంది, బోనస్ వచ్చినప్పుడల్లా ఇందులో వేస్తే ముందే పూర్తవుతుంది. ఉద్యోగం ఊగే రంగంలో ఉన్నారు, అది నిండేదాకా క్లబ్ మెంబర్‌షిప్ మాట ఎత్తొద్దు.