పాదం బయటి అంచున నొప్పి: బెణుకేనా?

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు 42 ఏళ్లు. మూడు వారాల క్రితం మెట్లు దిగుతుంటే కుడి పాదం లోపలికి మడతపడింది. వాపు తగ్గింది కానీ చిటికెన వేలి వైపు, పాదం మధ్యలో ఉండే బుడిపె దగ్గర నొక్కితే ప్రాణం పోతోంది. బెణుకేలే అని రోజూ నూనె రాసి మర్దన చేయిస్తున్నాను. సరిపోతుందా?
– ఓ గృహిణి, ఖమ్మం

జవాబు: ముందు ఆ మర్దన ఆపండమ్మా. ఆ బుడిపె ఐదో మెటాటార్సల్ ఎముక (చిటికెన వేలి వెనక పాదంలో ఉండే పొడవాటి ఎముక) మొదలు, పిక్క బయటి వైపు కండరం నుంచి వచ్చే టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) అక్కడే అతుక్కుని ఉంటుంది కాబట్టి పాదం మడతపడినప్పుడు ఆ లాగుడుకి చిన్న ఎముక ముక్క ఊడిపోవచ్చు. నడవగలుగుతున్నాను కదా, విరిగి ఉండదులే అనుకోకండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. దెబ్బ తగిలాక సరిగ్గా ఆ బుడిపె మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే.

ముక్క ఊడినా భయం లేదు, అడుగు గట్టిగా ఉండే బూటు వేసుకుని 6 నుంచి 8 వారాలు జాగ్రత్తపడితే ఎక్కువ మందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కానీ విరిగింది బుడిపెకి కాస్త ముందు, వేళ్ల వైపు అయితే (దాన్ని జోన్స్ ఫ్రాక్చర్ అంటారు) అక్కడ రక్తప్రసరణ తక్కువ, అతకడం ఆలస్యమవుతుంది, కొందరికి స్క్రూ కూడా వేయాల్సి వస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే అప్పుడు టెండన్ వాపు సంగతి చూద్దాం. అంతవరకూ ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగొద్దు. షుగర్ ఉంటే మాత్రం రేపే వెళ్లండి.