నాన్న గురించి రాశానని తమ్ముడు మాట్లాడటం మానేశాడు

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. చిన్నప్పటి సంగతులు రాద్దామని నోట్‌బుక్ మొదలుపెట్టాను. నాన్న పేకాటలో రెండెకరాలు పోగొట్టిన సంగతి రాసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తమ్ముడు మండిపడ్డాడు. ‘పోయిన మనిషిని బజారుకీడుస్తావా? మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం’ అన్నాడు. రెండు నెలలుగా మాటల్లేవు. ఇంట్లో నీళ్లు కాచే గంగాళం 77 ఉప్పెన తర్వాత అమ్మేశారని కూడా అందులో రాశాను. అక్కేమో కాదు, ఉప్పెనకి ముందే అంటోంది. ఇప్పుడు పెన్ను పడితే టెన్షన్. పైగా రాసింది చదివితే నాకే చప్పగా ఉంది. ఈ వయసులో ఇది అవసరమా? మానేయనా?

జవాబు: మానేయకండి. అయితే ఆ పేజీని గ్రూపులో పెట్టడం మాత్రం పొరపాటే. రాయడం వేరు, చూపించడం వేరు. రాయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. చూపించేటప్పుడు మాత్రం పక్కవాళ్ల బతుకు కూడా అందులో ఉందని గుర్తుంచుకోవాలి. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ‘వాళ్ల తాత పేకాటరాయుడట’ అన్న మాట ఎంత దూరం పోతుందో పల్లెటూరి మనిషి మీకు నేను చెప్పాలా? తమ్ముడి భయం చిన్నదేం కాదు. పేర్లు మారుస్తానంటారేమో, మీ ఊళ్లో అది పనికిరాదు. ఇంటి గుమ్మం ఎటువైపుందో రాస్తే చాలు, ఎవరిల్లో పట్టేస్తారు. అందుకని నోట్‌బుక్ బీరువాలోనే ఉండనివ్వండి. ఆ అమ్మాయి పెళ్లయ్యేదాకా ఎవరికీ చూపించొద్దు, రాయడం మాత్రం ఆపొద్దు.

ఇక చప్పదనం సంగతి. మీరు పంపిన పేజీ రెండుసార్లు చదివాను. ‘నేను 1964లో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించాను’ అని మొదలై, ‘ఆ కష్టాలే నాకు జీవిత పాఠాలయ్యాయి’ అని ముగిసింది. జీవితమంతా పిల్లల చేత ఉపోద్ఘాతం, ముగింపు రాయించిన చెయ్యి కదా, అలవాటు పోలేదు. (కోప్పడకండి, మా ఇంట్లోనూ ఇద్దరు టీచర్లున్నారు.) ఆ రెండు వాక్యాలూ కొట్టేయండి. నాన్నగారిని ‘వ్యసనపరుడు’ అన్న మాట కూడా. అది తీర్పు, జ్ఞాపకం కాదు.

అదే పేజీలో మీరు యథాలాపంగా రాసిన ఒక సంగతి నన్ను ఆపేసింది. గంగాళం పోయాక దాని కింద నాపరాయి మీద గుండ్రటి మచ్చ చాలా ఏళ్లు ఉండిపోయిందనీ, అమ్మ వరండా అంతా ఊడ్చి అక్కడ మాత్రం చీపురు ఎత్తేసేదనీ రాశారు. ఇదీ మీ కథ. పేకాట గురించి ఎవరైనా రాస్తారు. ఆ మచ్చను చూసింది మీరు. అక్కడినుంచి మొదలుపెట్టండి. గంగాళం ఎవరు మోసుకెళ్లారు, పగలా రాత్రా, అప్పుడు మీరెక్కడ నిలబడ్డారు, మర్నాడు స్నానానికి నీళ్లు దేన్లో కాచారు? గుర్తున్నంతే రాయండి. గుర్తులేని చోట ‘ఇది నాకు గుర్తులేదు’ అని రాసేయండి, పాఠకుడు ఏమీ అనుకోడు. యాభై ఏళ్ల కిందటి మాటల్ని పొల్లుపోకుండా కొటేషన్లలో పెడితేనే నమ్మడు.

అక్కతో తగువు నాకు నవ్వు తెప్పించింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది కాబట్టి మీ ఇద్దరికీ అదొక మేకు, జ్ఞాపకాలన్నీ దానికే తగిలిస్తున్నారు. పొలం అమ్మిన తేదీ కావాలంటే ఈసీ (ఆ పొలం అమ్మకాలు, కొనుగోళ్లు చూపే రిజిస్ట్రేషన్ కాగితం) తీయించవచ్చు. అంత పాతవి మామూలుగా ఆన్‌లైన్‌లో దొరకవు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి పాత పుస్తకాలు వెతికించాలి. గంగాళానికి మాత్రం దస్తావేజు ఉండదు. ‘అక్క ముందంటుంది, నాకు తర్వాతే అని గుర్తు’ అని రెండూ రాయండి. మా అమ్మమ్మ గురించి నేనొకసారి రాస్తే, అందులో ఆవిడ కట్టుకున్న చీర తనదని మా పిన్ని దెబ్బలాడింది. చీర పిన్నిదే. నేను దిద్దలేదు, దెబ్బలాట కూడా కలిపి రాశాను.

తమ్ముడి కోపంలో ఇంకొకటి ఉందని నా అనుమానం. నాన్నగారు తర్వాత పేక ముట్టలేదని మీరే రాశారు. ఉప్పెన నాటికి మీకు పదమూడు, తమ్ముడికి ఎనిమిది. అతనికి ఊహ స్థిరపడేసరికి ఆయన మారిపోయిన మనిషి. మీరు చూసిన నాన్న, అతను చూసిన నాన్న ఒకరు కారు. మీ పేజీలో ఆయన చేతిలో పేకముక్కలు తప్ప మరొకటి లేదు. ఆ చేతులు ఇంకేమీ చేయలేదా? మీ నోట్‌బుక్కులకు అట్టలు వేయలేదా, జ్వరమొస్తే మోసుకెళ్లలేదా? తండ్రిని వెనకేసుకురమ్మని కాదు. ఒక్క దోషంతో మనిషి పూర్తికాడు కదా.

వయసంటారా? తన ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చేనాటికి కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మగారికి తొంభై దాటాయి. భర్త విడిచి వెళ్లిన బతుకును, అందరికీ తెలిసిన పేర్ల మధ్య తన వైపు నుంచి రాశారు. మీకు అరవై ఒకటే.

రాత్రిళ్లు మాత్రం రాయకండి, తవ్వుకుంటూ కూర్చుంటే నిద్ర దూరమవుతుంది. పొద్దున కాఫీ అయ్యాక ఒక గంట చాలు. అయినా నిద్రపట్టకపోతే, గుండెదడ తగ్గకపోతే డాక్టరును కలవండి.

ఒక్కటి అడగాలి. అమ్మగారు తమ్ముడి దగ్గరే ఉన్నారని రాశారు. ఆవిడను అడిగారా? ముగ్గురు పిల్లలూ వాదించుకుంటున్నారు గానీ, గంగాళం ఆవిడది. తమ్ముడికి ఫోన్ చేసి, గొడవ ఊసెత్తకుండా, ‘అమ్మను చూడ్డానికి ఆదివారం వస్తున్నా’ అనండి. గ్రూపులో పెట్టడం తప్పయిందని వెళ్లాక ముఖాముఖీ చెప్పొచ్చు. నోట్‌బుక్ ఇంట్లోనే వదిలేసి వెళ్లండి, ఫోన్‌లో రికార్డింగ్ కూడా వద్దు. అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ, నాన్న పేరెత్తకుండా, ఆ గంగాళం పుట్టింటి నుంచి తెచ్చుకున్నదా, ఇక్కడ కొన్నదా అని అడగండి.