పురాణాలు, సినిమాలతో తత్వశాస్త్రం, సైకాలజీ నేర్చుకోవచ్చా?

భారతం, సినిమాలు పట్టుకొని ఈ రెండు సబ్జెక్టులూ చదవొచ్చా, లేక అది ఉత్త కాలక్షేపమా అని అడిగారు. చదవొచ్చు. కానీ కర్ణుడికి ఆత్మన్యూనత, రావణుడికి అహం అని పాత్రలకు చీటీలు అంటించుకుంటూ పోతే ఏమీ రాదు.

నేను నల్గొండ క్లాక్ టవర్ దగ్గర డీఎస్సీ పిల్లలకు సైకాలజీ చెప్తాను. మనిషిలో తప్పొప్పుల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన సైకాలజిస్టు కోల్‌బర్గ్ పేరు అనగానే 'మూడు స్థాయిలు, ఆరు దశలు' అని బిట్టు అప్పజెప్తారు. భార్య కోసం మందు దొంగిలించిన హైంజ్ కథ కూడా వచ్చు. దొంగతనం తప్పా ఒప్పా అన్నది కాదు, నువ్వు చెప్పే కారణమేంటన్నదే కోల్‌బర్గ్‌కు కావాలని మాత్రం తలకెక్కదు. ఎక్కడి హైంజ్, ఎవరి గొడవ!

అందుకే యక్షప్రశ్నలు తీస్తాను. (తెలుగులో ఇది ఎర్రన పూర్తి చేసిన అరణ్యపర్వ భాగంలో వస్తుంది.) తమ్ముళ్లు నలుగురూ నీళ్ల ఒడ్డున పడి ఉన్నారనగానే మావాళ్లకు పానగల్ ఉదయసముద్రం కట్ట కళ్లముందుకొస్తుంది. ఒక్కణ్నే బతికిస్తానంటాడు యక్షుడు. ఎవరిని అడుగుతారు? ఎక్కువమంది అర్జునుడంటారు, ముందు యుద్ధముంది కాబట్టి. వాళ్లు తెలియకుండానే బెంథామ్, మిల్ అనే తత్వవేత్తల దిక్కు నిలబడ్డట్టు: ఫలితం మంచిదైతే పనీ మంచిదే. ధర్మరాజేమో నకులుణ్ని కోరుకున్నాడు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకుండాలి అన్నాడు.

ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "మాద్రి ఎప్పుడో చచ్చిపోయింది గద సార్. విదురుని ఇంట్ల కుంతి బతికే ఉంది, ఆమె ఏడుపు ఎవరు చూడాలె?"

నాకు నోట మాట రాలేదు. న్యాయం ఒక్కదాన్నే కొలబద్ద చేసుకున్నావు, దగ్గరి మనుషుల పట్ల బాధ్యత ఎటు పోయిందని 1982లో కరోల్ గిలిగన్ అనే సైకాలజిస్టు కోల్‌బర్గ్‌ను నిలదీసింది. ఆ పిల్ల గిలిగన్ పేరు కూడా వినలేదు. ఆ పూట సిలబస్ ముందుకు జరగలేదు గానీ, తర్వాత గిలిగన్ పాఠం చెప్పడానికి పది నిమిషాలు సరిపోయాయి.

సినిమాలతో మాత్రం కొంచెం చూసుకోండి. ప్రేమ, పగ, అపరాధభావం గురించి వాదించుకోవడానికి పనికొస్తాయి. జబ్బుల సంగతి వాటిని నమ్మి రాస్తే మార్కులు పోతాయి. స్కిజోఫ్రీనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరుండటం అనుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అది వేరే జబ్బు, దాని పేరు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్. స్కిజోఫ్రీనియాలో ఉండేవి లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు గట్టిగా నమ్మడం లాంటివి. ఈ తేడా కోసం తెలుగు అకాడమీ పుస్తకమే తెరవండి.