బీసీఎం మార్చి 41 వేలు తీసుకున్నారు, వ్యాన్ మాత్రం బాగవ్వలేదు: ఎల్లో బోర్డు బండికి కన్జ్యూమర్ కేసు పడుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్ సార్. నాకు ఒక స్కూల్ వ్యాన్ ఉంది, ఎల్లో బోర్డు, నేనే నడుపుకుంటా. వారంటీ అయిపోయింది. రాత్రి పార్క్ చేసిన బండి హారన్ దానంతటదే మోగడం, వైపర్లు ఆగకపోవడం, తెల్లారేసరికి బ్యాటరీ డౌన్ అవ్వడం మొదలైంది. కంపెనీ వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే బీసీఎం, అంటే హారన్, వైపర్లు, లాకుల్లాంటివి నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ పోయిందని 41 వేలు తీసుకుని కొత్తది వేశారు. మూడు వారాలకే మళ్ళీ అదే గోల. ఇప్పుడేమో 2024 వరదల్లో నీళ్ళు వెళ్ళాయి, వైరింగ్ మొత్తం మార్చాలి, ఇంకో 26 వేలు అవుద్ది అంటున్నారు. ఒప్పుకోకపోతే రోజుకి 300 పార్కింగ్ కట్టి బండి తీసుకెళ్ళమంటున్నారు. పాత మాడ్యూల్ ఇమ్మంటే స్టోర్‌లో ఉందో లేదో చూడాలంటున్నారు. బిల్లు మీద ‘ఎలక్ట్రికల్ పార్టులు వాపసు తీసుకోబడవు’ అని ఉంది. ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ మాడ్యూల్ 9 వేలకి వేస్తామంటున్నారు, వేయించుకోనా? ఎల్లో బోర్డుకి కన్జ్యూమర్ కోర్టు ఉండదంట, నిజమేనా?

జవాబు: ముందు ఆటోనగర్ సంగతి చెప్తాను ఎందుకంటే మీరు రేపో ఎల్లుండో ఆ పని చేసేసేలా ఉన్నారు. ఇప్పుడే వద్దండి. ఆటోనగర్‌లో చేతిపని తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళని తక్కువ చెయ్యట్లేదు, కానీ బయట ఒక్కసారి డ్యాష్‌బోర్డు విప్పించారంటే వర్క్‌షాప్ తరఫు లాయర్‌కి వేరే వాదన అక్కర్లేదు, బయటివాళ్ళు కెలికారు కాబట్టి మాకు సంబంధం లేదు అంటాడు, అంతే. పైగా బీసీఎం పెట్టగానే సరిపోదు, స్కానర్ పెట్టి ఆ బండికి తగ్గట్టు కోడింగ్ చెయ్యాలి, చాలా మోడళ్ళలో తాళాలు కూడా మళ్ళీ రిజిస్టర్ చెయ్యాలి, ఇంకో బండిలోంచి తీసింది అలాగే తగిలిస్తే ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళం కాకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు, అడ్డుపడి బండి స్టార్టే కాకపోవచ్చు.

ఎల్లో బోర్డు గురించి మీరు విన్నది సగమే నిజం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్ళు, సర్వీస్ తీసుకున్నవాళ్ళు వినియోగదారులు కారు అని ఉంది, నిజమే, కానీ సెక్షన్ 2(7) కిందే వివరణ ఉంది, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వాడుకునేది వ్యాపారం కిందకి రాదు అని. 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది, సొంతంగా నడుపుకుని బతకడానికి ఆటో కొన్నవాడు వినియోగదారుడే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హక్కు పోదు అని. 2024లో ఒక చిట్ ఫండ్ కేసులో ఇంకో మాట కూడా అంది, ఇది వ్యాపారం కోసమే అని నిరూపించాల్సింది సర్వీస్ ఇచ్చినవాళ్ళే అని. కాబట్టి భయపడకండి, మీ లైసెన్స్, పర్మిట్, స్కూల్ వాళ్ళు డబ్బులు వేసిన బ్యాంకు స్టేట్‌మెంట్, నాకున్నది ఈ ఒక్క బండే నేనే నడుపుతాను అని ఒక అఫిడవిట్ రెడీ చేసుకోండి. నాలుగైదు వ్యాన్లు పెట్టి డ్రైవర్లతో తిప్పేవాళ్ళ కథ వేరు.

ఇక అసలు విషయం. మీలాంటి కేసుల్లో చాలామంది ‘కొత్త మాడ్యూల్ డిఫెక్టివ్’ అని ఫిర్యాదు రాసేస్తారు. అలా రాస్తే ఆ మాడ్యూల్‌లో లోపం ఉందని మీరు చూపించాలి, సెక్షన్ 38(2)(సి) కింద దాన్ని ల్యాబ్‌కి పంపమనాల్సి వస్తుంది, తీరా అది బాగానే ఉందని రిపోర్ట్ వస్తే మీ కేసు అక్కడికక్కడే పడిపోద్ది. నాకైతే మీ బండిలో కొత్త మాడ్యూల్ చెడ్డదని అనిపించట్లేదు, బహుశా పాతది కూడా చెడిపోయి ఉండదు. మీ ఫిర్యాదులో మొదటి మాట ‘చెక్ చెయ్యకుండా మార్చారు’ అని ఉండాలి. అది సేవా లోపం, సెక్షన్ 2(11), దానికి సాక్ష్యం వాళ్ళ కాగితాల్లోనే దొరుకుద్ది.

ఎలాగంటే, హారన్, వైపర్లు, లాకులు ఇలా సంబంధం లేనివన్నీ ఒకేసారి తిక్కగా చేస్తుంటే బీసీఎం మీద అనుమానం రావడం సహజమే, కాదనను. కానీ దాన్ని పోయిందనే ముందు బ్యాటరీ ఓల్టేజీ చూడాలి, ఫ్యూజులు చూడాలి, మాడ్యూల్‌కి పవర్, ఎర్త్ సరిగ్గా అందుతున్నాయా చూడాలి, కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడాలి. నీళ్ళు దిగిన బండిలో ఆ పిన్నుల మీద పచ్చటి చిలుం కంటికే కనపడుద్ది, కార్పెట్ ఎత్తితే కింద మట్టి గార కూడా ఉంటుంది. ఇప్పుడు వరద నీళ్ళు అంటున్నవాళ్ళు 41 వేల బిల్లు వేసిన రోజు ఆ కనెక్టర్ విప్పారా లేదా? పాత మాడ్యూల్ తీసి కొత్తది పెట్టాలంటే విప్పక తప్పదు కదా. చిలుం చూసి కూడా దానికే కొత్త మాడ్యూల్ తగిలించారంటే అది నిర్లక్ష్యం, అప్పుడు చిలుం లేదంటే ఇప్పుడు చెప్పే వరద కథ అబద్ధం. రెండిట్లో ఏది ఒప్పుకున్నా మీకే మంచిది. ఫిర్యాదుకి ముందు వర్క్‌షాప్‌కి మీరు పంపే నోటీసులో ఈ ఒక్క ప్రశ్న సూటిగా పెట్టండి.

దీనికి కావాల్సిన కాగితాలు: రెండు జాబ్ కార్డులు (బండి ఇచ్చినప్పుడు వర్క్‌షాప్ వాళ్ళు ఫిర్యాదు, పని రాసే కాగితాలు), మొదటిసారి తీసిన స్కాన్ రిపోర్ట్, కోడింగ్ చేసినట్టు రికార్డు, పార్టు నంబర్ ఉన్న ఒరిజినల్ బిల్లు. ఫోన్‌లో అడగొద్దు, మెయిల్ పెట్టండి, మెయిల్ లేకపోతే రిజిస్టర్డ్ పోస్ట్. మీరు డబ్బు కట్టి మార్పించుకున్నారు కాబట్టి పాత మాడ్యూల్ మీ సొత్తు, వారంటీలో ఫ్రీగా మార్చి ఉంటే కంపెనీ వెనక్కి తీసుకునేది, ఇక్కడ అలా కాదు. స్క్రాప్‌లో వెయ్యకుండా నాకు అప్పగించండి అని ఈరోజే రాయండి, రాసిన తర్వాత కూడా పోయిందంటే అది వాళ్ళకే ఎదురుతిరుగుద్ది. హారన్ దానంతటదే మోగుతున్న వీడియో ఉంటే ఫోన్ మార్చినా పోకుండా దాచుకోండి.

బిల్లు మీద వాపసు లేదు అని ప్రింట్ చేసుకున్నంత మాత్రాన చట్టం ఆగిపోదు. లోపం ఉన్న వస్తువు గానీ సర్వీస్ గానీ వెనక్కి తీసుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

బండి ఆపుకోవడం గురించి. చేసిన పనికి కూలి బాకీ ఉంటే ఆ బాకీ వరకు బండి అట్టిపెట్టుకునే హక్కు రిపేర్ చేసినవాళ్ళకి 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170 ఇస్తుంది. మీరు 41 వేలు కట్టేశారు, 26 వేల పని ఇంకా మొదలే కాలేదు, కాబట్టి పట్టుకోవడానికి వాళ్ళకి ఆధారం లేదు. అయినా పార్కింగ్ పేరుతో డబ్బు పిండితే గొడవ పడొద్దు, కట్టేసి రసీదు మీద ‘అభ్యంతరంతో చెల్లించాను’ అని మీ చేత్తో రాసి ఫొటో తీసుకోండి. పని బాగా చేశారు అని రాసుండే సాటిస్‌ఫ్యాక్షన్ నోట్ మీద మాత్రం ఊరికే సంతకం పెట్టకండి, గేట్ పాస్ కావాలంటే పెట్టాల్సిందే అంటారు, ‘లోపం అలాగే ఉంది’ అని రాసి పెట్టండి.

బండి బయటికి వచ్చాక ఒక మాట, దయచేసి వినండి. ఇండికేటర్లు, వైపర్లు ఎప్పుడు ఏం చేస్తాయో తెలియని బండిలో పిల్లల్ని ఎక్కించకండి. ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ రోడ్డెక్కించడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద నేరం, అంతకన్నా ముందు వాళ్ళు పసిపిల్లలండీ. అద్దె వ్యాన్ పెట్టండి, ప్రతి నెలా రసీదు తీసుకోండి, ఆ ఖర్చు కూడా ఫిర్యాదులో అడుగుదాం.

నోటీసుకి 15 రోజులు టైం ఇచ్చి, కదలిక లేకపోతే విజయవాడలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అంటే మీరన్న కన్జ్యూమర్ కోర్టులో, ఫిర్యాదు వెయ్యండి, మీరు ఉండేచోటే వేసుకునే వీలు కొత్త చట్టం ఇచ్చింది. కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, వినియోగదారుల ఫిర్యాదుల వెబ్‌సైట్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌గా కూడా వెయ్యొచ్చు. గడువు రెండేళ్ళు. మొదటి ప్రతివాదిగా వర్క్‌షాప్, రెండో ప్రతివాదిగా వ్యాన్ తయారుచేసిన కంపెనీని పెట్టండి. కమిషన్ నోటీసు అందాక వాళ్ళు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వెయ్యాలి, ఆ తర్వాత తీసుకోవడం కుదరదని 2020లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. తీర్పు 3 నెలల్లో, టెస్టింగ్ ఉంటే 5 నెలల్లో అని చట్టంలో ఉంది, నిజానికి ఇంకా ఎక్కువే పడుద్ది, అందుకే బండి ఇంకా అక్కడే ఉంటే సెక్షన్ 38(8) కింద ముందు విడిపించమని మధ్యంతర పిటిషన్ కూడా జత చెయ్యండి.

మీ నోటీసు అందగానే వర్క్‌షాప్ మేనేజర్ ఫోన్ చేసి వైరింగ్ ఫ్రీగా చేసేస్తాం రండి అనొచ్చు. వెళ్ళండి, తప్పులేదు, కాకపోతే ఏం చేస్తారో, దాని మీద ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తారో, లోపం మళ్ళీ వస్తే 41 వేలు వెనక్కిస్తారో లేదో లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాకే బండి తాళం చేతిలో పెట్టండి.