దేవమాలి చలిలో కెమెరా

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో దేవమాలి మీద సూర్యోదయం తీస్తానన్నావట, అమ్మ చెప్పింది. 1672 మీటర్ల కొండ, ఒడిశాలో అంతకన్నా ఎత్తయినది లేదు. చాలా కెమెరాలకి కంపెనీలు చెప్పే హద్దు 0 నుంచి 40 డిగ్రీలు. మన కొండల చలి ఎప్పుడో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకున్న రోజున తప్ప ఆ హద్దు దాటదు. కాబట్టి చలికి బెంగపడకు. చెమ్మ సంగతి చూసుకో.

ముందు బ్యాటరీ. చలికి లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య మందగించి నిరోధం పెరుగుతుంది. కెమెరా గట్టిగా కరెంటు లాగగానే వోల్టేజి పడిపోతుంది. అందుకే ఇంకా ఛార్జి ఉండగానే ఆగిపోతుంది. చచ్చిపోయిందనుకోకు. తీసి స్వెటర్ లోపలి జేబులో పావుగంట ఉంచితే మళ్లీ కొన్ని ఫోటోలిస్తుంది. మామూలుగా వచ్చే ఫోటోల్లో మూడోవంతు పోయినట్టే లెక్కేసుకుని, రెండు స్పేర్లు ఒంటికి ఆనించి పెట్టుకో. అదే జేబులో తాళాలు, చిల్లర వేయకు, షార్టవుతుంది. చలిమంట దగ్గర కాచకు. బ్యాటరీ గది వేడికి వచ్చాకే ఛార్జింగు పెట్టు.

జనవరిలో అక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో. నువ్వు ముప్పావుగంట ముందే స్టాండు వేసుకుని ఉండాలి, రంగులన్నీ అప్పుడే. వెలుగుకి స్పందించే ఐఎస్ఓ 100, లెన్సు కన్ను ఎంత తెరవాలో చెప్పే ఎఫ్ 8, రెండు సెకన్ల టైమరు. స్టాండు మీద ఉన్నప్పుడు చేతి వణుకు సరిచేసే స్టెబిలైజర్ ఆపెయ్. లోయలో పొగమంచు నిండి ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఆ తెలుపుని బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజరుని ప్లస్ 0.7 నుంచి 1 దాకా పెంచు, ఎండ నేరుగా పడగానే మళ్లీ సున్నాకి తే. చీకట్లో స్క్రీను మీద ఫోటో ఉన్నదానికన్నా వెలుగ్గా కనిపించి మోసం చేస్తుంది, వెలుగునీడల లెక్క చూపే గ్రాఫు, హిస్టోగ్రామునే నమ్ము. మంచులో ఫోకస్ అటూ ఇటూ వెతుకుతుంటే చెట్టు అంచు మీదో బండ అంచు మీదో పట్టి, మాన్యువల్‌కి మార్చి వదిలెయ్. కెమెరా ఏమీ మార్చకుండా దాచే రా ఫైలు తీసుకుంటే తెల్లవారుజాము నీలం తర్వాత సరిచేసుకోవచ్చు. నన్నడిగితే ఆ నీలం కొంత ఉండనిస్తేనే అందం.

లెన్సు తుడవడానికి దాని మీద ఊదకు, ఆ చలికి ఆవిరి అక్కడే పట్టుకుంటుంది. రబ్బరు బ్లోయరు, పొడి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు పెట్టుకో, మొదటిది పది నిమిషాల్లో తడిసిపోతుంది. చున్నీతో తుడవకు. లెన్సు ముందు తొడిగే హుడ్ తగిలించే ఉంచు. పని లేనప్పుడు లెన్సు నేలవైపు తిప్పు, మంచు తక్కువ పడుతుంది. కొండ మీద లెన్సు మార్చడం వద్దు.

అసలు ప్రమాదం దిగి వచ్చేటప్పుడే. చల్లబడ్డ కెమెరాని కింద సిమిలిగుడ ఊళ్లో టీ హోటల్లోకో, నలుగురు ఊపిరి వదిలే కారులోకో తీసుకెళితే చన్నీళ్ల గ్లాసుకి పట్టినట్టు నీళ్లు పడతాయి. బయట కనిపించేది తుడుచుకోవచ్చు. లెన్సు గాజుల మధ్య, బొమ్మ పట్టే సెన్సారు మీద పట్టినదాన్ని తుడవలేం. అలా తరచూ తడిస్తే లెన్సులో సాలెగూడులా బూజు అల్లుకుంటుంది.

అందుకని కొండ మీదే, కారెక్కకముందే, కెమెరాని పెద్ద జిప్ కవర్లో పెట్టి మూసెయ్. కవర్ లోపల ఉండేది పైనున్న చల్లగాలి, అందులో నీటి ఆవిరి తక్కువ. కింద గాలిలోని తేమ కవర్ పైన చేరుతుంది గానీ కెమెరా మీద చేరదు. దాన్ని బ్యాగులో పెట్టి, బ్యాగుని డిక్కీలో పెట్టు. ఇంటికొచ్చాక కూడా గంట, రెండు గంటలు తెరవకు. కవర్ మీద తడి ఆరి, ముట్టుకుంటే చల్లదనం పోయాకే విప్పు. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పెడితే తేమ ఇంకా లోపలికి పోతుంది. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకు, తవుడు దుమ్ము చేరుతుంది. స్టాండు కాళ్లు తుడిచాకే లోపలికి ముడుచు.

మెమరీ కార్డు మాత్రం కవర్ మూయకముందే తీసి పర్సులో పెట్టుకో. నీ సంగతి నాకు తెలుసు, ఫోటోలు ఎలా వచ్చాయో చూద్దామని పది నిమిషాలకే కవర్ విప్పేస్తావు.

ఉంటాను,
పెదనాన్న