లా విద్యార్థుల సంఘం: ప్రిన్సిపాల్ అనుమతి కావాలా, రిజిస్ట్రేషన్ తప్పనిసరా?

ప్రశ్న: మేము లా చదువుతున్న 16 మందిమి. కుల వివక్ష, కార్మికుల హక్కులు, స్త్రీల హక్కులు, విచారణ ఖైదీల కేసులు లాంటి విషయాల మీద పనిచేసే ప్రగతిశీల న్యాయ విద్యార్థుల సంఘం పెట్టాలనుకుంటున్నాం. తమ అనుమతి లేకుండా ఏ సంఘమూ పెట్టడానికి వీల్లేదని ప్రిన్సిపాల్ అంటున్నారు. రిజిస్టర్ చేయిస్తేనే చెల్లుతుందని ఒక సీనియర్ అంటున్నారు. నాయకుడంటూ ఎవరూ వద్దు, అందరూ సమానమే అన్నది మా ఆలోచన. అలాంటప్పుడు నిబంధనావళి అవసరమా? ఆశయాలకు విరుద్ధంగా నడిచే సభ్యుల్ని తీసేయొచ్చా? కార్మికవాడల్లో ఉచితంగా న్యాయ సలహాలు ఇవ్వాలని కూడా ఉంది. ఇవ్వొచ్చా?
– ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండు మూడుసార్లు చదివిన మాట 'నాయకుడంటూ ఎవరూ వద్దు'. దాని దగ్గరకు వస్తాను. ముందు ప్రిన్సిపాల్ గారి సంగతి చూద్దాం.

సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19(1)(సి) అధికరణం పౌరులకు ఇచ్చిన ప్రాథమిక హక్కు. దానికి హద్దులు 19(4)లో ఉన్నాయి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, శాంతిభద్రతలు, నైతికత. ఆ ఆంక్షలు కూడా చట్టం ద్వారా రావాలి, సహేతుకంగా ఉండాలి. కాలేజీ అనుమతి అనేది అందులో ఎక్కడా లేదు. మీరు 16 మంది కూర్చుని 'మనమొక సంఘం' అని తీర్మానించుకున్న రోజే సంఘం పుట్టినట్టు. అయితే సంఘం పెట్టుకునే హక్కు ఉన్నంత మాత్రాన ఆ సంఘం అనుకున్నవన్నీ జరిపించుకునే హక్కు ఉన్నట్టు కాదని సుప్రీంకోర్టు 1961లో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో చెప్పింది. కాలేజీ గది, నోటీసు బోర్డు, సంఘం పేరులో కాలేజీ పేరు వాడుకోవడం, ఇవన్నీ గుర్తింపు కిందికి వస్తాయి. గుర్తింపుకు కాలేజీ షరతులు పెట్టొచ్చు. అందుకే ఒకే ఉత్తరంలో రెండూ కలపకండి. సంఘం ఏర్పడిందని తెలియజేస్తూ ఒక కాగితం ఇవ్వండి. అందులో 'అనుమతించ ప్రార్థన' అనే మాట రాయొద్దు. గది కోసం దరఖాస్తు విడిగా ఇవ్వండి. రెండింటికీ అందినట్టు ముద్ర వేయించుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా వచ్చిన తిరస్కరణ మీద హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణ కోరే పిటిషన్) వేయడం చాలా కష్టం.

లింగ్డో కమిటీ నిబంధనల గురించి కూడా ఎవరో ఒకరు భయపెడతారు. 75 శాతం హాజరు, అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు లాంటి ఆ నియమాలు, సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో అమలు చేయమన్నవి, కాలేజీ విద్యార్థి సంఘ ఎన్నికలకు సంబంధించినవి. ఇష్టమున్నవాళ్ళు చేరే మీ సంఘం అంతర్గత ఎన్నికలకు వాటితో పనిలేదు.

ఇక రిజిస్ట్రేషన్. మీ సీనియర్ చెప్పింది సరి కాదు. రిజిస్టర్ కాని సంఘం కూడా చట్టబద్ధమైన సంఘమే. కాకపోతే దానికి చట్టం దృష్టిలో వేరే వ్యక్తిత్వం ఉండదు. తన పేరున దావా వేయలేదు, ఆస్తి ఉంచుకోలేదు. సభ కోసం హాలు మాట్లాడి ఎవరు సంతకం పెడితే బాకీ వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కలిసి మెమోరాండం (సంఘం పేరు, ఆశయాలు రాసిన పత్రం) మీద సంతకం పెట్టి రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఆ ఏడుగురూ 18 ఏళ్ళు నిండినవాళ్ళయ్యేలా చూసుకోండి. అయిదేళ్ళ కోర్సులో మొదటి ఏడాది పిల్లలు కొందరికి ఆ వయసు ఉండదు. రిజిస్టర్ చేయిస్తే ప్రభుత్వం గుప్పిట్లోకి వెళ్ళినట్టే అని వాదించే మిత్రులు మీలోనూ ఉండొచ్చు. అంబేడ్కర్ 1924లో బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు దాన్ని 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించారు. పాలన బ్రిటిష్ వాళ్ళదే అయినా ఆ కాగితం ఆయన గొంతుకు అడ్డు రాలేదు.

అయినా మొదటి ఏడాదే పరుగెత్తొద్దంటాను. కారణం మీరు విద్యార్థులు కావడమే. రెండు మూడేళ్ళలో రిజిస్ట్రార్ దగ్గరున్న ఏడు పేర్లూ ఏడు ఊళ్ళకు వెళ్ళిపోతాయి. కొత్త కార్యవర్గం పేర్లు ఏటా దాఖలు చేయాలని చట్టం చెబుతుంది. అది చేయకపోతే కాగితం మీద పాతవాళ్ళే కార్యవర్గం. ఆ తర్వాత సంఘం చీలితే 'అసలు సంఘం మాదే' అని ఇద్దరు కార్యదర్శులు వస్తారు. ముందు ఒక ఏడాది నిబంధనావళితో నడపండి. చందాలు గట్టిగా రావడం మొదలయ్యాక రిజిస్టర్ చేయించండి.

నిబంధనావళి మాత్రం మొదటి సమావేశంలోనే కావాలి. నాయకుడు లేని సంఘాన్ని నేను దగ్గరగా చూశాను. లా చదివే రోజుల్లో మేమూ అలాంటిదే పెట్టాం. అధ్యక్షుడు లేడు, ఎన్నికలు లేవు. మా మినిట్స్ పుస్తకం ఒక లెక్కల నోటుబుక్కు. దాని మధ్య పేజీ ఒకదానిలో ఇలా ఉంటుంది: 'సంఘ వ్యతిరేక కార్యకలాపాలకు గాను సదరు సభ్యురాలిని ఏకగ్రీవంగా తొలగించడమైనది.' ఏ కార్యకలాపాలో లేదు. ఆమెకు ముందుగా చెప్పినట్టు లేదు. ఎంతమంది హాజరయ్యారో లేదు. కింద నాలుగు సంతకాలు, నాలుగోది నాది. ఆమె చేసిన తప్పల్లా సభకు వసూలైన డబ్బు లెక్క అడగడం. ఆ డబ్బు ఒక మిత్రుడి సొంత సేవింగ్స్ ఖాతాలో ఉండేది. పదవులు లేనంత మాత్రాన పెత్తనం పోలేదమ్మా. ఎవరి చేతిలో ఉందో కాగితం మీద కనిపించలేదు, అందుకని ప్రశ్నించడానికి ఎవరికీ దారి లేకపోయింది.

పదవి పేరు అధ్యక్షుడే కానక్కర్లేదు. 'కన్వీనర్' అనండి, ఆరు నెలలకొకరు మారండి, ముగ్గురి ఉమ్మడి బాధ్యత అనండి, చట్టానికి అభ్యంతరం లేదు. ఎవరు సమావేశం పిలవాలి, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎంతమంది ఉంటే కోరం, డబ్బు మీద ఎవరి సంతకం అన్నది మాత్రం రాసి ఉండాలి. బ్యాంకులో ఇద్దరి సంతకం పెట్టండి, అందులో ఒకరు తప్పకుండా కోర్సులో కింది సంవత్సరం చదువుతున్నవాళ్ళై ఉండాలి. చివరి సంవత్సరం పరీక్షలు రాసినవాళ్ళ సంతకం ఆ నెలతోనే రద్దయ్యేలా నిబంధన పెట్టండి. లెక్కల పుస్తకాన్ని ఏ సభ్యుడైనా అడిగిన వారంలోగా చూపాలన్న వాక్యం ఒకటి చేర్చండి. మా నోటుబుక్కులో లేనిది అదే.

విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు డబ్బు పంపుతామంటే ఒక జాగ్రత్త. భారత పౌరుడు ఎక్కడున్నా తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. ఆ దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్ళ నుంచి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, తీసుకుంటే అది విదేశీ విరాళం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్‌గానీ ముందస్తు అనుమతిగానీ లేకుండా ఒక్క రూపాయి కూడా ముట్టుకోకండి.

సభ్యుల్ని తీసేయడం గురించి. మీ ఆశయాలు ఒప్పుకునేవాళ్ళనే చేర్చుకునే హక్కు మీకుంది. దమయంతి నారంగా కేసులో (1971) సుప్రీంకోర్టు, సంఘం పెట్టుకునే హక్కులో తాము ఎంచుకున్న సభ్యులతోనే కొనసాగే హక్కు కూడా ఉందని చెప్పి, బలవంతంగా కొత్త సభ్యుల్ని తెచ్చిపెట్టే చట్టాన్ని కొట్టేసింది. తొలగించే అధికారం మాత్రం మీ నిబంధనావళి నుంచే రావాలి. టీ.పీ. దావర్ కేసులో (1962) ఇదే సుప్రీంకోర్టు, క్లబ్బులూ, ఫ్రీమేసన్ల లాడ్జీల (సోదర సంఘాల) లాంటి సంఘాల నుంచి సభ్యుణ్ణి వెలివేయాలంటే నిబంధనల ప్రకారం, సదుద్దేశంతో, సహజ న్యాయ సూత్రాలు పాటిస్తూ చేయాలంది. అంటే ఆరోపణ రాసి ఇవ్వాలి, జవాబుకు గడువు ఇవ్వాలి, చెప్పుకునేది వినాలి, ఫిర్యాదు చేసినవాళ్ళు తీర్పులో కూర్చోకూడదు. సర్వసభ్య సమావేశానికి అప్పీలు చేసుకునే వీలు కూడా పెట్టండి. 'ఆశయాలకు విరుద్ధం' అని ఊరికే రాస్తే ప్రతి భిన్నాభిప్రాయమూ నేరమైపోతుంది. కులం పేరుతో కించపరచడం, సంఘం డబ్బు వాడుకోవడం, సంఘం పేరు పార్టీ ప్రచారానికి ఇవ్వడం – ఇలా పనుల్ని పేర్కొనండి, అభిప్రాయాల్ని కాదు. రిజిస్టరైన సంఘంలో అన్యాయం జరిగిందనుకున్న సభ్యులు 2001 చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్ళొచ్చు.

లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే మాత్రం 'ఉద్యమం పరువు' పేరుతో మీలో మీరే పంచాయితీ పెట్టొద్దు. అది తప్పు, ఫిర్యాదు చేసినవాళ్ళకు ద్రోహం. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, విద్యార్థులకు సంబంధించిన విషయమైతే అందులో విద్యార్థి ప్రతినిధులూ ఉండాలి. ఫిర్యాదుదారు కోరితే అక్కడికో పోలీసుల దగ్గరికో వెంట వెళ్ళడం సంఘం పని. ఈ సంగతి నిబంధనావళిలోనే రాసుకోండి.

చివరి ప్రశ్న, న్యాయ సలహాలు. ఇక్కడ గీత సన్నగా ఉంటుంది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ప్రకారం న్యాయవాద వృత్తి చేసే హక్కు ఎన్‌రోల్ అయిన (బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైన) న్యాయవాదులకే ఉంది. వృత్తి అంటే కోర్టులో వాదించడమే కాదు, కోర్టు బయట ఇచ్చే సలహా కూడా అందులోకే వస్తుందని ఏ.కే. బాలాజీ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల సంఘం బోర్డు మీద 'న్యాయ సలహా కేంద్రం' అని రాయకండి, ఫలానా కేసు వేయండి, ఇలా రాజీపడండి అని మీరు చెప్పకండి. మీకు వేరే దారి ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టమే లా కాలేజీల్లో న్యాయసేవా క్లినిక్కులను ప్రోత్సహించాలంటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శిని కలిసి, వాళ్ళ పర్యవేక్షణలో పనిచేస్తామని సంఘం తరఫున ఉత్తరం ఇవ్వండి, పారాలీగల్ వలంటీర్ల (న్యాయవాదులు కాకుండానే జనానికి న్యాయసేవలు అందేలా సాయపడేవాళ్ళ) శిక్షణ అడగండి. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవాళ్ళు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మీరు వెళ్ళాలనుకుంటున్న వాడల్లో చాలామంది ఈ జాబితాలోనే ఉంటారు, ఆ సంగతి వాళ్ళకు తెలిసి ఉండకపోవచ్చు. అది చెప్పి, జరిగింది జరిగినట్టు రాసుకుని, దరఖాస్తు నింపిపెట్టి, ఆ ఆఫీసు దాకా తోడు వెళ్ళడానికి మీకు ఏ ఎన్‌రోల్‌మెంటూ అక్కర్లేదు.