సెబూకి బయలుదేరుతున్న మా అబ్బోడికి

చిరంజీవి అబ్బోడికి,

కడప నుంచి మీ అత్త ఆశీస్సులు. ప్రభువు నీకు తోడుగా ఉండాలి.

నీకు ఫిలిప్పీన్స్ పిలుపు వచ్చిందని, సెబూలో రెండేళ్లు సువార్త పనిలో ఉంటావని మీ నాయన రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో కోపం ఉంది, గర్వం కూడా ఉంది. ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. మన వైపు పరదేశం అంటే కువైట్. అప్పు తీర్చడానికో, ఆడపిల్ల పెళ్లికో పోతారు. నేను పోయిందీ అందుకే. జీతం లేకుండా దేవుని పని మీద సముద్రం దాటేవాడు మన ఇంట్లో ఇంతవరకు లేడు నాయనా.

నీ సంఘం వేరు, మన సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వేరు. బెంగళూరులో నువ్వు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరావని తెలిసిన రోజు మీ జేజి అన్నం ముట్టలేదు. వీధిలో వాళ్లు "మీవాడు మోర్మన్ అయ్యాడంట కదా" అని అడుగుతుంటే ఇప్పటికీ తల తిప్పుకుంటుంది. ఆ వాదన ఈ ఉత్తరంలోకి తీసుకురాను. పరాయి దేశంలో క్రిస్మస్ ఎలా గడుస్తుందో నాకు తెలుసు, నీకు ఇంకా తెలీదు. అది చెప్దామనే రాస్తున్నాను.

ముందు చిన్న పనులు. బూట్లు రెండు జతలు కొనుక్కో, రోజంతా నడక. తెల్ల చొక్కాలు సులువుగా ఆరేవి చూసుకో. కడుపు సంగతి నీకు చెప్పక్కర్లేదు.

పాస్‌పోర్టు మాత్రం శ్రద్ధగా విను. జిరాక్సులు తీయించి ఒకటి మీ నాయన దగ్గర, ఒకటి నా దగ్గర పెట్టు. ఫోటో తీసి మెయిల్లో కూడా ఉంచుకో. మీ మిషన్ ఆఫీసు వాళ్లు మంచివాళ్లేనని తెలుసు, వాళ్ల మీద అనుమానం కాదు. కువైట్‌లో దిగిన రోజే నా పాస్‌పోర్టు ఇంటి యజమాని బీరువాలోకి పోయింది. నా పేరున్న కాగితం ఒక్కటి కూడా నా దగ్గర లేకుండా నెలల తరబడి గడిపాను. ఆ భయం నాకు ఇంకా పోలేదు. నవ్వుకున్నా సరే, ఈ పని చెయ్యి.

తుపానుల గురించి కూడా చెప్పాలి. 2021 డిసెంబరు 16న వచ్చిన తుపాను సెబూ మీదుగానే పోయింది. అక్కడివాళ్లు దాన్ని ఒడెట్ అన్నారు. పండగ నాటికి చాలా ఇళ్లకు కరెంటు రాలేదు, తాగే నీళ్లకు క్యూలు కట్టారు. డిసెంబరులో తుపాను ఏంటని తేలిగ్గా తీసుకోవద్దు. బిందెలో నీళ్లు, టార్చి లైటు ఎప్పుడూ ఉండాలి. ఇల్లు ఖాళీ చేయమంటే మారుమాట లేకుండా కదలాలి.

ఇక పండగ. నాతో కువైట్‌లో పనిచేసిన ఫిలిప్పీన్ ఆడవాళ్లు సెప్టెంబరు ఒకటో తేదీ నుంచే క్రిస్మస్ పాటలు మొదలుపెట్టేవాళ్లు. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్... చివర 'బెర్' ఉన్న నెలలన్నీ వాళ్లకు పండగ నెలలే. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లారకముందే గుడికి పోతారు. బయటికొచ్చాక సెబూలో పుటో మాయా, సిక్వాటే తింటారంట. పుటో మాయా అంటే కొబ్బరిపాలు, అల్లం వేసి వండిన జిగురు బియ్యం. సిక్వాటే కోకో గింజలతో కాచిన వేడి చాక్లెట్. మీ సంఘంలో టీ, కాఫీ తాగరు కదా, ఇది తాగొచ్చు. వద్దనకుండా తాగు. ఇరవై నాలుగు అర్ధరాత్రి దాటాక ఇంటిల్లిపాదీ కూర్చుని విందు చేస్తారు. మీకు రాత్రిపూట వేళలు ఉంటాయని చెప్పావు. ఆ రాత్రికి మీ మిషన్ ప్రెసిడెంటు ఏం చెప్తే అది చెయ్యి.

ఒక్క మాట గట్టిగానే చెప్తాను. వాళ్లలో ఎక్కువమంది క్యాథలిక్కులు. 1521లో స్పెయిన్ ఓడలతో వచ్చిన మాగెల్లాన్ అనే నావికుడు ఇచ్చిన బాల యేసు ప్రతిమను సెబూ జనం ఇప్పటికీ ప్రాణంలా చూసుకుంటారు. పండగనాడు వాళ్ల ఇంట్లో కూర్చుని, వాళ్లు పెట్టింది తింటూ, ఆ ప్రతిమ గురించి తర్కం మొదలుపెట్టావని తెలిస్తే నేను ఊరుకోను. చిన్నప్పుడు మరియాపురంలో నీ క్యాథలిక్ స్నేహితుడి ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కీ తిన్నావు. మీ సంఘం సిద్ధాంతం ఏంటని వాళ్లమ్మ ఎప్పుడైనా అడిగిందా? నువ్వు చెప్పాలనుకున్నది వాళ్లే అడిగిన రోజు చెప్పు. అడుగుతారు. ఇల్లు వదిలి అంత దూరం ఎందుకొచ్చావని తప్పకుండా అడుగుతారు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. ఆమె పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, అందుకని పేరు రాయను. మేం పనిచేసే ఇళ్లు ఒకే వీధిలో ఉండేవి. శుక్రవారం బయటికి పంపే ఇళ్లు తక్కువ. మా అదృష్టం, మమ్మల్ని పంపేవాళ్లు. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణం ఉంది. ఒక గదిలో మలయాళం, ఇంకో గదిలో అరబ్బీ, మన గదిలో తెలుగు. పల్లవి ఎత్తుకునేది ఆ అమ్మాయే. కీర్తనలు పుస్తకం చూడకుండా పాడేది. ప్రార్థన చేస్తే పక్కవాళ్లకు కూడా ధైర్యం వచ్చేది. మా అందరిలో భక్తి గట్టిగా ఉన్నది ఎవరికంటే ఆమె పేరే చెప్పేవాళ్లం.

మొదటి డిసెంబరు వచ్చింది. అక్కడ ఇరవై ఐదో తేదీ మామూలు పనిదినం. బాత్రూములు కడగాలి, ఇస్త్రీ చేయాలి, పిల్లల్ని చూసుకోవాలి. అప్పుడా అమ్మాయి ఒక నిర్ణయానికి వచ్చింది. "ఇక్కడ చేసేది కూడా ఒక పండగేనా అక్కా? రెండేళ్లకు ఊరికి పోతాను కదా. మా గుడిలో మా అమ్మ పక్కన నిలబడి చేసుకుంటాను" అంది. కొనుక్కున్న కొత్త చీర పెట్టె అడుగున పెట్టేసింది. పాటలు వింటే ఏడుపొస్తోందని ఆ నెల శుక్రవారాలు రావడం మానేసింది.

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడు. జనవరిలో వస్తే ఎందుకు రాలేదని అందరూ అడుగుతారని మొహమాటపడింది. ఫిబ్రవరికల్లా శుక్రవారం నిద్ర అలవాటైంది. ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల దినాలు వచ్చేసరికి రాత్రి పడుకునే ముందు చేసుకునే ప్రార్థన కూడా పోయింది. ఆమెకు దేవుడి మీద కోపం లేదు. అనుమానం లేదు. ఎవరూ వాదించి ఆమె మనసు మార్చలేదు. ఫోన్లో అడిగిన ప్రతిసారీ "ఊరికి పోయినాక అక్కా" అనేది.

ఊరికి వచ్చింది. అనుకున్నట్టే ఆ చీర కట్టుకుంది, అమ్మ పక్కన నిలబడింది. పాటలో మాటలన్నీ నోటికొచ్చాయంట, లోపల మాత్రం ఏదీ కదల్లేదంట. తర్వాత నా దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పి చాలాసేపు ఏడ్చింది. మళ్లీ కుదురుకోడానికి ఆమెకు ఎన్నో ఏళ్లు పట్టింది.

నాకేం మోసం రాదు అత్తా, ఆదివారం సంఘానికి పోవడమే నా పని కదా అంటావు. నా భయం సరిగ్గా అక్కడే. ఆమె రాకపోతే మాకు తెలిసింది. నువ్వు మాత్రం ప్రతి ఆదివారం ముందు వరసలో ఉంటావు, రొట్టె, నీళ్లు పంచుతావు, ఇంటింటికీ తిరిగి ప్రార్థిస్తావు. లోపల ఎండిపోయినా బయటికి కనబడదు. ఛాతీ మీద ఎల్డర్ అని మీ మిషనరీల బిళ్ల ఉన్న కుర్రాడిని "నువ్వు ప్రార్థన చేసుకుంటున్నావా నాయనా" అని ఎవరడుగుతారు? అందుకే నేను అడుగుతున్నాను. నువ్వు చేసే ప్రార్థనలన్నీ ఇతరుల కోసమే అయిపోయి, నీ కోసం, నీ భాషలో ఒక్కటీ మిగలని రోజు వస్తే, ఆ రోజే నీ కంపానియన్‌కి చెప్పు. ఇరవై నాలుగు గంటలూ నిన్ను ఒంటరిగా వదలకుండా పక్కన ఒకణ్ణి పెట్టడం మీ సంఘం చేసిన మంచి ఏర్పాటు. అతనితో నవ్వుతూ తిరిగి, బాధంతా దుప్పటి కింద దాచుకోవద్దు.

నువ్విచ్చిన తెలుగు మోర్మన్ గ్రంథంలో మూడో నీఫై మొదటి అధ్యాయం చదివాను. మీ జేజికి చెప్పకు. క్రీస్తు పుట్టుకకు సూచన ఫలానా రోజులోపు రాకపోతే నమ్మినవాళ్లందరినీ చంపుతామని మిగతావాళ్లు గడువు పెడతారు. చివరికి ఒక సాయంత్రం సూర్యుడు మునుగుతాడు, చీకటి మాత్రం పడదు. అది నిజమా, కథా అని నీతో వాదించను. ఆ గడువు దగ్గరపడుతున్న రోజుల్లో వాళ్లు ఏం చేసి ఉంటారా అని ఆలోచించాను. పొద్దున్నే లేచి వంట చేసుకుని, పిల్లల్ని చూసుకుని, ప్రార్థన చేసుకుని ఉంటారు. రేపటికి వాయిదా వేసుకునే వీలు వాళ్లకు లేదు కదా.

అందుకని పండగ అక్కడే చెయ్యి. చిన్నదైనా సరే. ఇరవై ఐదు పొద్దున అందరికంటే ముందు లేచి స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకో. యేసు పుట్టుక గురించి ఉన్న లూకా రెండో అధ్యాయం తెలుగులో గట్టిగా చదువు. చిన్నప్పుడు క్యారల్స్‌కి తిరుగుతూ పాడిన పాట ఒకటి పాడు. నీ కంపానియన్‌కి అర్థం కాకపోయినా వింటాడు. తర్వాత అతని ఊళ్లో పండగ ఎలా చేస్తారో అడుగు, అతని పాట నువ్వు విను. అతనికీ ఇల్లు గుర్తొస్తూనే ఉంటుంది. మీ అమ్మ నిప్పట్లు, కజ్జికాయలు డబ్బాలో పెట్టిస్తుంది. క్రిస్మస్ దాకా దాచకు, మెత్తబడిపోతాయి. వెళ్లిన వారంలోనే అందరికీ పంచెయ్యి.

2019 ఫిబ్రవరి దాకా మీ మిషనరీలు క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ మాత్రమే ఇంటికి ఫోన్ చేసేవాళ్లని, ఇప్పుడు వారానికోసారి మాట్లాడొచ్చని చెప్పావు. మంచిదే. పండగరోజు మాత్రం పొద్దున నీ ఆరాధన అయ్యాకే ఫోన్ చెయ్యి. మీ అమ్మ ఏడుపు విన్నాక నీకు పాట రాదు. అక్కడ మనకంటే రెండున్నర గంటలు ముందు. నువ్వు తొమ్మిదింటికి చేస్తే ఇక్కడ ఆరున్నర, మేం గుడికి బయలుదేరే ముందు అందరం ఇంట్లోనే ఉంటాం. జేజికి చెవులు సరిగా వినబడవు, గట్టిగా మాట్లాడు. తను పలకకపోయినా ఫోన్ పెట్టేయకు. పక్కనే కూర్చుని ఉంటుంది, వింటుంది.

జిరాక్సులు ఈ ఆదివారంలోపు పంపించు.

మీ మేనత్త
కడప